జెండా మీద కుచ్చు

"ఆ నల్లది ఏమిటి?"

ఇంగ్లండ్ నుంచి వచ్చిన మెయిల్లో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే. కింద క్రాంతి పంపిన జెండా ఫోటో, ఫోటో మీద ఎర్ర సున్నా. సోమవారం ఉదయం పది గంటలకు క్రాంతి ఆ మెయిల్‌ని హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలోని తన మగ్గం పని కార్ఖానాలో చదివి వినిపించాడు. తెలుగులో చెప్పి, మళ్ళీ ఒకసారి చెప్పాడు. మూడు మగ్గాల దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు సూదులు ఆపి విన్నారు. గోడ పక్కన స్టూలు మీద మొగులయ్య కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఎవరిదీ పని?" అన్నాడు క్రాంతి.

మొదటి మగ్గానికి తలవైపు కూర్చునే నీలమ్మ లేచి నిలబడింది.

"కుట్టింది నేనే సార్. ఖాకా మీద ఉండె, కుట్టిన."

"ఖాకా మీద లేదు," అన్నాడు మొగులయ్య. అద్దాలు తుడవడం ఆపలేదు.

జెండా మొదటి మగ్గం మీద పరిచి ఉంది. అది టర్క్స్ అండ్ కైకోస్ దీవుల జెండా. బహామాస్‌కు ఆగ్నేయంగా అట్లాంటిక్‌లో ఉన్న ఆ దీవులు ఇప్పటికీ బ్రిటన్ కింద ఉన్నాయి. నీలం గుడ్డ, పై మూలలో బ్రిటన్ జెండా, రెండో సగంలో పసుపు డాలు. డాలు మీద పైన ఒక శంఖం, ఒక పెద్ద సముద్రపు రొయ్య. కింద ఒక జెముడు మొక్క. మొక్క ఆకుపచ్చ, దాని నెత్తిన ఎర్ర దిమ్మ. దిమ్మ టోపీలా ఉంటుంది కనుక మొక్కకు టర్కీ టోపీ అని పేరు వచ్చింది. దీవుల పేరు ఆ మొక్క నుంచి వచ్చిందంటారు.

మగ్గం మీది జెండాలో ఆ ఎర్ర దిమ్మ నడినెత్తి నుంచి ఒక నల్ల కుచ్చు పక్కకు వాలి ఉంది. పట్టుదారంతో కుట్టిన కుచ్చు, రెండంగుళాలు. గోడకు అంటించిన రంగుల ఫోటోలో కుచ్చు లేదు.

ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఆ దీవుల వాళ్ళ సంఘం ఒకటి తమ హాల్లో కట్టుకోవడానికి చేతికుట్టు జెండా కావాలంది. పార్సిల్ వెళ్ళడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

మొగులయ్య తల పైన గోడ మీద ఒక వాక్యం రాసి ఉంది. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. "ఖాకా మీద లేనిది కుట్టరాదు."

ఖాకా అంటే పల్చటి కాగితం మీద గీసిన బొమ్మ. గీత వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన నీలిమందును చిన్న గుడ్డతో పైన రుద్దుతారు. చిల్లుల్లోంచి రంగు దిగి గుడ్డ మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెంట సూది నడుస్తుంది. ఈ కార్ఖానాలో ఖాకా పొడిచేది మొగులయ్య ఒక్కడే. గీత ముగిసిన చోట అతను రెండు చిల్లులు పక్కపక్కన పొడుస్తాడు. దారం ఇక్కడ తెంపాలని దాని అర్థం. అతనికి పని నేర్పిన ఉస్తాదు అలా పొడిచేవాడు. పాతబస్తీలో ఇప్పుడు అలా పొడిచేవాళ్ళు వేరే లేరని మొగులయ్య చెప్పుకుంటాడు.

గోడ మీది వాక్యం మూడేళ్ళ కిందటిది. మగ్గానికి తలవైపు చోటు అందరికంటే చెయ్యి తిరిగినవాళ్ళది. అప్పట్లో నీలమ్మ చోట కృష్ణమ్మ కూర్చునేది. ఒక పెళ్ళి జాకెట్ మీద ఒక చిలక ఉండాల్సిన చోట రెండు చిలకలు వచ్చాయి. ఖాకా మీద ఒకటే ఉందన్నాడు మొగులయ్య. రెండున్నాయి అంది కృష్ణమ్మ. క్రాంతి ఆ సాయంత్రమే ఆమెను పంపేశాడు. పంపేసి, తెలిసిన కార్ఖానాలన్నిటికీ ఫోన్ చేసి చెప్పాడు. తర్వాత ఏ మగ్గం దగ్గరా ఆమెను కూర్చోనివ్వలేదు. బహదూర్‌పురాలో రెండిళ్ళలో గిన్నెలు తోముతోంది.

నీలమ్మకు ఇది తెలుసు. అందరికీ తెలుసు.

"ఖాకా తీయండి, చూద్దాం," అన్నాడు క్రాంతి.

ఖాకాలు నెలవారీగా చుట్టి ఇనప్పెట్టెలో పెడతారు. మొగులయ్య లేచి పెట్టె తెరిచి ఈ నెల చుట్ట తీసి విప్పాడు. జాకెట్లు, చీర అంచులు, దర్గాలో సమాధి మీద కప్పే ఒక గిలాఫు. జెండా ఖాకా లేదు.

"చిరిగింది సార్. కిరోసిన్ ఎక్కువైంది. పారేసిన."

"ఎప్పుడు పారేసినవ్ అన్నా?" అంది నీలమ్మ. "శనివారం పొద్దుగూకంగ నేనే చుట్టి పెట్టిన పెట్టెల."

"నువ్వు పెట్టింది వేరేది గావచ్చు."

"శంఖం, రొయ్య ఉన్న ఖాకా మనకు ఇంకోటి ఏడిది?"

"నీకు యాది లేదు."

"నాకు యాది లేదా? పంతొమ్మిదేండ్ల సంది ఏ ఖాకా ఏ పండుగకు పొడిచినవో చెప్పమంటే చెప్త. యాది లేదట."

"గొంతు దించు."

"నువ్వు నిజం చెప్పు, దించుత."

క్రాంతి చెయ్యెత్తాడు. ముప్పై ఆరేళ్ళవాడు. అతని తండ్రి తెనాలి నుంచి ఉద్యోగం మీద నగరానికి వచ్చాడు. క్రాంతి ఇక్కడే పుట్టినా ఇంటి భాషే మాట్లాడతాడు.

"మొదటి రోజే చెప్పానా లేదా? అందర్నీ కూర్చోబెట్టి చెప్పానా?"

చెప్పాడు. పన్నెండు రోజుల కిందట రంగుల ఫోటో గోడకు అంటిస్తూ ఆ జెండా కథ చెప్పాడు. శంఖమూ రొయ్యా దీవుల వాళ్ళ తిండి, వాళ్ళ వేట. అంతకుముందు, నూట పాతికేళ్ళ పైమాట, వాళ్ళ బతుకు ఉప్పు మీద. అప్పటి జెండా మీద ఉప్పు కుప్పలు ఉండేవి. ఆ బొమ్మ లండన్ వెళ్ళింది. అక్కడ గీసేవాడికి ఉప్పు కుప్ప తెలియదు.

"మంచు గుడిసె అనుకున్నాడంటారు," అన్నాడు క్రాంతి ఆ రోజు. "మంచుదేశాల్లో మంచుగడ్డలతో కట్టుకుంటారు చూడండి, అది. గుడిసెకి తలుపు మర్చిపోయారనుకుని కుప్పకి తలుపు పెట్టేశాడు."

"ఉప్పుకు తలుపా!" అంది నీలమ్మ పక్కన కుట్టే స్వీటీ. మగ్గాల దగ్గర నవ్వులు లేచాయి. "గొళ్ళెం గూడ పెట్టిండా సార్?"

"నవ్వు తర్వాత. ఆ తలుపు అలాగే దాదాపు ఎనభై ఏళ్ళు ఎగిరింది. బొమ్మ తప్పనుకుని ఒకడు సరిచేశాడు, అంతే. అందుకే చెప్తున్నా. మీకేది తప్పనిపించినా సరిచెయ్యొద్దు. ఏదీ కలపొద్దు."

ఆఖరి మాట మొగులయ్య వైపు చూసి అన్నాడు.

"నా దిక్కు చూస్తరేంది సార్? నేను తలుపులు పెట్టెటోన్ని గాదు," అన్నాడు మొగులయ్య. లేచి ఫోటో దగ్గరకు వెళ్ళి మొక్క నెత్తి మీద వేలు పెట్టాడు. "గిదేంది?"

"మొక్కే. దాని పువ్వులు అక్కడ వస్తాయట. టర్కీ టోపీలా ఉంటుందని ఆ పేరు."

"రూమీ టోపీ."

"టోపీ కాదండీ, మొక్క."

"మీరు సముద్రం దిక్కోళ్ళు సార్. రొయ్య మీకు తెలుసు. టోపీ నాకు తెలుసు."

అతనికి తెలుసు. మొగులయ్య తండ్రి చార్మినార్ వెనక గల్లీలో రూమీ టోపీలు దిద్దే దుకాణంలో పనిచేశాడు. ఇత్తడి అచ్చు మీద టోపీని బిగించి ఆవిరి పట్టేవాడు. అప్పటికే ఆ టోపీ పెట్టేవాళ్ళు తగ్గిపోతున్నారు. వచ్చేవాళ్ళు ముసలివాళ్ళు, పెళ్ళికొడుకులు. మొగులయ్యకు అప్పుడు పదేళ్ళు. అతని పని కుచ్చు కట్టడం. నల్ల పట్టుదారం పోగులు లెక్కపెట్టి, ముడి వేసి, టోపీ నడినెత్తిన కుట్టాలి. కుచ్చు లేని టోపీ ఆ దుకాణం గడప దాటేది కాదు. ఒకసారి దాటితే తండ్రి అతన్ని ఇత్తడి అచ్చుతో కొట్టాడు. ఎడమ కనుబొమ మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది.

నాలుగు రోజుల తర్వాత ఖాకా మగ్గం దగ్గరకు వచ్చింది. నీలిమందు రుద్ది తీశాక నీలమ్మ పసుపు శాటిన్ మీది చుక్కలు చూసింది. తర్వాత గోడ మీది ఫోటో చూసింది.

"అన్నా, గీ చుక్కలేంది? ఫోటోల లేవు గద."

"ఖాకా మీద ఉన్నయా లేవా?"

"ఉన్నయ్."

"నీ పని సూది. నా పని కాయితం. ఫోటో చూసి కుట్టుడు ఎప్పటి సంది మొదలువెట్టినవ్?"

"సార్ ఏం కలపద్దన్నడు."

"కలిపితే నేను కలిపినట్టు. నువ్వు కుట్టు. దారం నల్లది, పట్టుది తీస్కో."

నీలమ్మ కుట్టింది. పక్కన కూర్చున్నది స్వీటీ, మొగులయ్య చెల్లెలి కూతురు.

ఇప్పుడు నీలమ్మ స్వీటీ వైపు తిరిగింది.

"నువ్వు ఇన్నవ్ గద. చెప్పు."

స్వీటీ సూదికి దారం ఎక్కిస్తోంది. "నా చెవులల్ల ఇయర్‌ఫోన్లు ఉండె అక్కా."

"ఉప్పుకు గొళ్ళెం పెట్టిండా అని అడిగినప్పుడు లేవా ఇయర్‌ఫోన్లు?"

"అది వేరే రోజు."

"నీ మామ మీద మాట రావద్దు, నా కూడు పోవచ్చు. గంతేనా?"

స్వీటీ దారం కొస నాలుకతో తడిపింది. దారం సూదిలోకి ఎక్కలేదు.

క్రాంతి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నేను వాళ్ళకి రాశాను. ఇలాగే తీసుకుంటారేమో అడిగాను. వాళ్ళకి తెల్లారి జవాబు వచ్చేసరికి మనకి రెండవుతుంది. అప్పటిదాకా జెండా ఎవరూ ముట్టుకోవద్దు. నీలమ్మా, నువ్వు సామాను సర్దుకో."

"జవాబు రాకముందే?"

"జవాబు జెండా గురించి. నీ గురించి గోడ మీద ఉంది."

"నేను ఖాకా మీద ఉన్నదే కుట్టిన సార్."

"ఖాకా చూపించు."

"ఖాకా పొడిచేది ఆయన, తీసేది ఆయన, పారేసేది ఆయన. నేను ఏడికెల్లి చూపియ్యాలె?"

"కృష్ణమ్మ కూడా ఇదే అంది," అన్నాడు క్రాంతి.

నీలమ్మ మగ్గం వైపు చూసింది. ఆ రోజు కృష్ణమ్మ ఈ మగ్గం దగ్గరే నిలబడి ఒక్కొక్కరి మొహం చూసింది. నీలమ్మ తల వంచుకుని కుట్టుకుంది. మర్నాడు క్రాంతి తలవైపు చోటు ఆమెకు ఇచ్చాడు. ఆమె కూర్చుంది.

"కత్తెర ఇటియ్యి," అంది నీలమ్మ, పక్క మగ్గం దగ్గరి పుష్పమ్మతో.

"ఎందుకు?" అన్నాడు క్రాంతి.

"కుట్టు కింద చుక్కలుంటయ్. ఖాకా మీద కుచ్చు ఉంటే కుచ్చు కింద నీలిమందు ఉంటది. నేను సొంతంగ కుట్టుంటే గుడ్డ సాఫ్‌గ ఉంటది."

"వద్దు. శాటిన్ అది. దారం తీస్తే సూది చిల్లులు పడతాయి. వాళ్ళు ఒప్పుకున్నా ఇక పంపడానికి ఉండదు."

"తెలుసు సార్. శాటిన్ సంగతి నాకు చెప్తరా?"

"ముట్టుకుంటే నిన్ను ఈ బస్తీలో ఎవరూ పెట్టుకోరు."

"ముట్టకుంటే పెట్టుకుంటరా?"

ఆమె కత్తెర తీసుకుని మగ్గం మీదకు వంగింది. క్రాంతి రెండడుగులు వేసి ఆగాడు. కత్తెర మొన శాటిన్ మీద ఉంది, చెయ్యి లాగితే గుడ్డ చిరుగుతుంది. మొగులయ్య స్టూలు మీదనుంచి లేచాడు.

"పిచ్చిదానివా? పన్నెండు రోజుల పని."

"నీ మాట నిజమైతే నీకేం ఫికర్ అన్నా? కూసో."

కుచ్చు చివరి నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క పోగు కింద కత్తెర మొన దూర్చి తెంపింది. తెంపిన పోగు గోరుతో లాగి మగ్గం చెక్క మీద పెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో కింద దుకాణంలో ఆటో సీట్లు కుట్టే మిషన్ ఆగింది, మళ్ళీ మొదలైంది.

పోగులన్నీ పోయాక పసుపు శాటిన్ మీద సూది చిల్లులు కనిపించాయి. చిల్లుల మధ్య నీలం చుక్కలు ఉన్నాయి. టోపీ నడినెత్తి నుంచి పక్కకు వంగి కిందికి దిగాయి.

క్రాంతి ఫోన్‌లో టార్చి వేసి వంగి లెక్కపెట్టాడు. "పదకొండు."

"ఆమెనే పెట్టుకున్నదేమో," అన్నాడు మొగులయ్య. "నీలిమందు డబ్బా అందరికీ అందుతది."

స్వీటీ తన చోటునుంచే మెడ చాచి చూసింది.

"మామా," అంది. "కొసకు జంట చుక్క ఉన్నది."

కుచ్చు కింది కొసన రెండు చుక్కలు పక్కపక్కన ఉన్నాయి. ఒక్కొక్క మగ్గం దగ్గరనుంచి ఒక్కొక్కరు వచ్చి చూసి వెళ్ళారు. చూసి వెళ్ళినవాళ్ళెవరూ మొగులయ్య మొహం చూడలేదు. అతను కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"పెట్టిన," అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు క్రాంతి.

"బొమ్మ గీసినోడు టోపీ గీసి కుచ్చు మరిచిండు. కుచ్చు లేని రూమీ టోపీ ఏడన్న చూసిండ్రా మీరు?"

"అది టోపీ కాదని చెప్పాను. మొక్క అని చెప్పాను. తలుపు కథంతా చెప్పాను!"

"వాడు తెల్వక పెట్టిండు సార్. నాకు తెలుసు గనుక పెట్టిన."

"మరి నీలమ్మ మీదకి ఎందుకు తోశారు?"

మొగులయ్య ఖాకా సూదిని చొక్కా జేబులోంచి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆమెకు ఇంకో మగ్గం దొరుకుతది. మంచి చెయ్యి. అరవై ఆరేండ్లకు నాకు ఏం దొరుకుతది?"

"కృష్ణమ్మకు దొరికిందా?" అంది నీలమ్మ.

"ఆమె ముచ్చట ఇప్పుడెందుకు?"

"రెండో చిలక ఎవరు పొడిచిండ్రు అన్నా?"

మొగులయ్య క్రాంతి వైపు తిరిగాడు. "సార్, గోడ మీద ఏం రాసిండ్రు? ఖాకా మీద లేనిది కుట్టరాదు. నేను కుట్టలే. పొడిచేటోనికి గోడ మీద ఏం లేదు."

"రెండో చిలక," అంది నీలమ్మ మళ్ళీ.

"చిలక ఒంటిగ ఉంటదా ఏడన్న? పెళ్ళి జాకెట్ మీద?" అన్నాడు మొగులయ్య.

రెండు గంటల పది నిమిషాలకు ఇంగ్లండ్ నుంచి జవాబు వచ్చింది. క్రాంతి మెట్ల దగ్గర నిలబడి చదువుకున్నాడు. తర్వాత లోపలికి వచ్చి అందరికీ చెప్పాడు. తమ పాత జెండాకు వేరేవాళ్ళు తలుపు పెట్టారని, అది తీయడానికి చాలా ఏళ్ళు పట్టిందని, మళ్ళీ ఇంకొకటి మోయలేమని రాశారు. కొత్తది పంపితే తీసుకుంటారు. లేకపోతే లేదు.

"నీలం గుడ్డ అలాగే ఉంచి డాలు ఒక్కటీ మార్చాలి," అన్నాడు క్రాంతి. "తొమ్మిది రోజులు. మొగులయ్య గారూ, రేపు పొద్దున్నకి ఖాకా కావాలి. నీలమ్మా, కూర్చో. పని చూడు."

నీలమ్మ కూర్చోలేదు. ఆమె సంచి ఇంకా తలుపు దగ్గరే ఉంది. అందులో చెప్పులు, టిఫిన్ గిన్నె, సూదుల డబ్బా.

"ఈయన ఉంటడా?"

"తొమ్మిది రోజుల్లో ఖాకా మాస్టర్ని ఎక్కణ్ణుంచి తేవాలి? చెప్పు, నీకెవరైనా తెలుసా?"

"తెల్వదు."

"మరి?"

"పొద్దున నన్ను పొమ్మన్నప్పుడు తొమ్మిది రోజులు యాదికి రాలే మీకు."

"నీలమ్మా, అయిపోయింది కదా."

"నాకు కాలే సార్. ఈయన ఏం పొడిచినా, రుద్దకముందు నా చేతికి రావాలె. నేను చూసి సరే అంటేనే రుద్దుడు. గోడ మీద రాయండ్రి."

"ఆడిది సరే అంటేనే ఖాకానా!" అన్నాడు మొగులయ్య. "మా ఉస్తాద్ ఉంటే ఉరి పోసుకుంటుండె."

"నీ ఉస్తాద్ పొడిచింది ఒప్పుకునేటోడేమో అన్నా. అడుగుదమంటే లేడాయె."

క్రాంతి మార్కర్ తీసుకుని గోడ మీద పాత వాక్యం కింద కొత్త వాక్యం రాశాడు. "చూడకుండా రుద్దరాదు." దాన్ని ఉర్దూలో రాయించలేదు.

"ఇంకోటి," అంది నీలమ్మ. "గింత పని తొమ్మిది రోజులల్ల నా ఒక్కదానితోని కాదు. కృష్ణమ్మను పిలిపియ్యండ్రి."

"ఆవిడ మూడేళ్ళుగా సూది ముట్టలేదు."

"మీరు ముట్టనియ్యలే. పిలిపిస్తరా, నేను పోవాల్నా?"

క్రాంతి ఫోన్ తీశాడు. నంబరు అతని దగ్గర లేదు. పుష్పమ్మ దగ్గర ఉంది. పుష్పమ్మ ఇచ్చింది.

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు మొగులయ్య ఖాకా తెచ్చి మగ్గం మీద పడేశాడు. చేతికి ఇవ్వలేదు. నీలమ్మ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. గోడ మీది ఫోటోను కూడా ఊడదీయించి పక్కన పెట్టుకుంది. శంఖం నుంచి మొదలుపెట్టింది. ప్రతి గీత వెంట వేలు నడిపింది.

"చిల్లులు లెక్కవెడుతున్నవా, బియ్యంల రాళ్ళు ఏరుతున్నవా?" అన్నాడు మొగులయ్య స్టూలు మీదనుంచి.

"రాళ్ళు వేసేటోడు ఇంట్ల ఉంటే ఏరాల్సిందే."

రొయ్య అయింది. జెముడు మొక్క అయింది. టోపీ దగ్గర వేలు ఆగింది.

ఎర్ర దిమ్మ నడినెత్తిన రెండు చిల్లులు పక్కపక్కన ఉన్నాయి. ఏ గీతా అక్కడ ముగియదు. కుచ్చు మొదలయ్యే ముడి వచ్చేది అక్కడే.

ఆమె కాగితం దించి అతని వైపు చూసింది. అతను చూపు తిప్పుకోలేదు.

"కుట్టకు," అన్నాడు. "చిల్లు ఉంటే ఏమైతది? ఉండనియ్యి."

ఆమె సూదుల డబ్బా మూత తెరిచింది. మూత లోపలివైపు నుదుటికి పెట్టుకునే బొట్టు టిక్లీలు అంటించి ఉన్నాయి, పనిలో చెమటకు ఊడిపోయినప్పుడల్లా తీసి పెట్టినవి. ఒకటి గోటితో లేపి ఆ రెండు చిల్లుల మీద అంటించి బొటనవేలితో నొక్కింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కృష్ణమ్మ లోపలికి వచ్చింది. యాభై ఏళ్ళు దాటిన మనిషి. గిన్నెలు తోమి వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. ఎవరినీ పలకరించలేదు. గోడ మీది రెండు వాక్యాలు చదివింది. నీలమ్మ చేతిలోని ఖాకా తీసుకుని వెలుతురుకు పట్టుకుని చూసింది. టిక్లీ దగ్గర ఆగింది.

"మంచిగనే చూస్తున్నవ్," అంది. "మూడేండ్ల కింద నీ కండ్లు ఏడ పెట్టినవ్?"

నీలమ్మ సూదుల డబ్బా మూత మూసింది.

"నా పక్కనే ఉంటివి. రెండో చిలక కాళ్ళు నువ్వే కుట్టినవ్. చుక్కలు ఉండెనా లేవా?"

"ఉండె."

"ఇప్పుడు నోరొచ్చిందా?"

"ఉండె అక్కా," అంది నీలమ్మ. ఈసారి మగ్గాలన్నిటికీ వినబడింది. మెట్ల దగ్గర ఫోన్ చూసుకుంటున్న క్రాంతికీ వినబడింది. అతను ఫోన్ చూస్తూనే ఉన్నాడు.

కృష్ణమ్మ మొదటి మగ్గం దగ్గరకు నడిచి తలవైపు నిలబడింది. అక్కడ నీలమ్మ చాప ఉంది.

"ఎవరిదీ జాగ?"

నీలమ్మ వంగి చాప చుట్టింది. సూదుల డబ్బా, కత్తెర తీసుకుని కాళ్ళవైపుకు వెళ్ళి, కిటికీ వెలుతురు తక్కువగా పడే చోట కూర్చుంది. స్వీటీ జరిగి చోటిచ్చింది. కృష్ణమ్మ కింద ఏమీ పరుచుకోకుండా బండ మీద కూర్చుని, ఖాకాను కొత్త శాటిన్ మీద పరిచి నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చింది. వేళ్ళు రెండుసార్లు జారాయి. మూడోసారి గుండుసూది గుడ్డలో దిగింది.

"రుద్దు," అంది మొగులయ్యతో.

అతను నీలిమందు గిన్నె తెచ్చాడు. గుడ్డ ముంచి పిండి, శంఖం మీదనుంచి రుద్దుకుంటూ వచ్చాడు. టిక్లీ దగ్గర చెయ్యి ఎత్తి, దాటి, అవతలినుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

"దాని మీద గూడ రుద్దు," అంది కృష్ణమ్మ.

రుద్దాడు. ఆమె కాగితం లేపింది. ఆమె, మొగులయ్య, నీలమ్మ ముగ్గురూ వంగి టోపీ నెత్తిన చూశారు. పసుపు గుడ్డ తప్ప ఏమీ లేదు.

"ఎర్ర దారం ఇటియ్యి," అంది కృష్ణమ్మ. నీలమ్మ ఇచ్చింది.